రష్యా: సోషలిజం తరువాతి దశాబ్దంలో కుటుంబాల ఆర్థిక స్థితిగతులు

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయ్యాక రష్యా ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థను వదిలి మార్కెట్ వ్యవస్థలోకి మారింది. ఆ పదేళ్లలో అక్కడి కుటుంబాల రాబడి, పొదుపు, తిండి, ఇల్లు, ఆయుష్షు ఏమయ్యాయన్నది ఈ వ్యాస విషయం. 1990–98 మధ్య రష్యా స్థూల దేశీయోత్పత్తి దాదాపు 40 శాతం పడిపోయింది. యుద్ధం లేని రోజుల్లో ఒక పారిశ్రామిక దేశం ఇంతగా కుంగడం అరుదు. అయితే దేశం సగటు వేరు, ఇంటి లెక్క వేరు. ఒకే ఫ్యాక్టరీలో ఒకే జీతానికి పనిచేసిన రెండు కుటుంబాల్లో ఒకటి నిలదొక్కుకుంది, మరొకటి చితికిపోయింది. ఈ తేడాకు కారణం చాలాసార్లు జీతం కాదు, ఉన్నదాన్ని ఏ రూపంలో పెట్టుకున్నారన్నది. పాస్‌బుక్కులో దాచుకున్నవాళ్లది కరిగిపోయింది. ఉంటున్న ఫ్లాటు, ఊరి బయట చిన్న తోట, ఆదుకునే బంధువులు ఉన్నవాళ్లు ఎలాగో గట్టెక్కారు.

మార్పుకు ముందు ఇంటి లెక్క

సోవియట్ కుటుంబం బతుకు డబ్బు మీదే నడిచేది కాదు. 1985లో సగటు నెల జీతం 190 రూబుళ్లు. ఇంటద్దె, కరెంటు, వేడినీళ్లు, చలికాలం గదులను వెచ్చబెట్టే ఏర్పాటు, అన్నీ కలిపినా అందులో కొద్ది శాతమే అయ్యేది. మాస్కో మెట్రో టికెట్టు 1961 నుంచి 1991 ఏప్రిల్ దాకా 5 కోపెక్కులే. ఫ్యాక్టరీ జీతంతో సరిపెట్టేది కాదు. ఫ్లాటు కేటాయింపు, పిల్లల కిండర్‌గార్టెన్, దవాఖానా, వేసవి శిబిరం, క్యాంటీను, పండగ ముందు బయట దొరకని సరుకుల పొట్లం కూడా దాని ద్వారానే అందేవి.

లోటు డబ్బుకు కాదు, సరుకుకు. ప్రభుత్వ దుకాణంలో మాంసం ధర తక్కువే కానీ మాంసం ఉండేది కాదు. మంచి బూట్లు కావాలంటే గంటల తరబడి వరసలో నిలబడాలి, లేదా దుకాణంలో తెలిసినవాళ్లు ఉండాలి. ఈ తెలిసినవాళ్ల సాయాన్ని ‘బ్లాత్’ అనేవారు. మన దగ్గర సిఫార్సు అనే మాటకు కొంచెం దగ్గర. 1980ల చివరికి చాలా నగరాల్లో చక్కెర, సబ్బు, వోద్కా కూపన్ల మీద ఇచ్చారు. కొనడానికి సరుకు లేకపోవడంతో జీతంలో మిగిలిన డబ్బు ప్రభుత్వ పొదుపు బ్యాంకులో పేరుకుంది. అందులో కొంత ముందుచూపుతో దాచినదైతే, కొంత ఖర్చుపెట్టే దారిలేక మిగిలినది. తరువాత జరిగినదానికి బీజం ఇక్కడే ఉంది.

తెలుగు పాఠకులకు ఆ జీవితం ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల చౌక పుస్తకాల వల్ల, ‘సోవియట్ భూమి’ పత్రిక వల్ల పరిచయం. విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన ఆ పుస్తకాలు ఉచిత వైద్యం, నామమాత్రపు అద్దె గురించి చెప్పింది అబద్ధం కాదు. దుకాణం ముందు వరస సంగతే వాటిలో పెద్దగా కనిపించేది కాదు.

1992 జనవరి

యెగోర్ గైదార్ నడిపిన ఆర్థిక బృందం 1992 జనవరి 2న ధరల మీద నియంత్రణ ఎత్తేసింది. రొట్టె, పాలు, వోద్కా, ఇంధనం, ప్రజారవాణా వంటి కొన్నింటికి మాత్రం కొంతకాలం పరిమితులు ఉంచారు. ఆ ఒక్క నెలలోనే ధరలు మూడున్నర రెట్లయ్యాయి. ఏడాది తిరిగేసరికి పెరుగుదల సుమారు 2,500 శాతం. ధరల విడుదలకు ముందు రూబులుకు కొన్న వస్తువు డిసెంబరు చివరికి 26 రూబుళ్లయిందన్నమాట. 1993లో మరో 840 శాతం, 1994లో 215 శాతం, 1995లో 131 శాతం పెరిగాయి. 1996లో గానీ పెరుగుదల 22 శాతానికి దిగలేదు.

సరుకులు మాత్రం దుకాణాల్లోకి తిరిగొచ్చాయి. కొన్ని వారాల్లోనే వరసలు పలచబడ్డాయి. సంస్కర్తలు అప్పుడూ ఇప్పుడూ చూపించే విజయం ఇదే. వాళ్ల మాటలో నిజం ఉంది: 1991 శీతాకాలానికి పెద్ద నగరాల్లో దుకాణాలు దాదాపు ఖాళీ, పాత ధరల దగ్గర కొనసాగడానికి దారే లేదు. కానీ వరసలో గంటలు ఖర్చుపెట్టి కొనుక్కున్న పెన్షనరు ఇప్పుడు నిండిన బల్లల ముందు నిలబడి చూసి వెళ్లాల్సి వచ్చింది. అధికారిక లెక్కల్లో 1992లో నిజ జీతం అంతకుముందు ఏడాది కంటే మూడో వంతు తగ్గింది.

జనవరి 29న అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ ఎవరైనా ఎక్కడైనా లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చని ఉత్తర్వు ఇచ్చారు. మెట్రో స్టేషన్ల బయట జనం బారులు తీరారు: ఒకరి చేతిలో ఊలు మేజోళ్లు, ఒకరి చేతిలో ఇంట్లోని గాజు గిన్నె, ఇంకొకరి దగ్గర రెండు సిగరెట్టు పెట్టెలు.

కరిగిపోయిన పాస్‌బుక్కులు

పొదుపు మీద దెబ్బ ధరల విడుదలకు ఏడాది ముందే పడింది. 1991 జనవరి 22 రాత్రి, సోవియట్ ప్రధాని వాలెంతిన్ పావ్లోవ్ హయాంలో, 50, 100 రూబుళ్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. మార్చుకోవడానికి మూడు రోజుల గడువు, మనిషికి వెయ్యి రూబుళ్ల పరిమితి. బ్యాంకు నుంచి నెలకు 500 రూబుళ్లకు మించి తీసుకోకూడదు. 2016 నవంబరులో మన బ్యాంకుల ముందు నిలబడినవాళ్లకు ఆ మూడు రోజులు ఊహించడం కష్టం కాదు. 1993 జులైలో రష్యా కేంద్ర బ్యాంకు పాత నోట్లను మరోసారి హఠాత్తుగా రద్దు చేసింది.

అసలు నష్టం మాత్రం ధరల వల్లే. ధరలు పాతిక రెట్లయిన ఏడాదిలో బ్యాంకు వడ్డీ దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. కారు కొనడానికి ఇరవయ్యేళ్లు కూడబెట్టిన సొమ్ముకు రెండేళ్లలో నెల సరుకులు కూడా రాని పరిస్థితి. ఉత్తరాది గనుల్లో, రేవుల్లో పనిచేసినవాళ్ల కథ ఇంకా కఠినం. ఆర్కిటిక్ ప్రాంతాల్లో జీతం మీద అదనపు భత్యం ఉండేది. కొన్నేళ్లు అక్కడ కష్టపడి ఆ డబ్బుతో దక్షిణాన వెచ్చటి ఊళ్లో ఇల్లు చూసుకోవాలన్నది చాలామంది లెక్క. పొదుపు పోవడంతో వెళ్లగలిగినవాళ్లు ఉన్నపళంగా వెళ్లారు, వెళ్లలేనివాళ్లు ఇరుక్కుపోయారు. ఆర్కిటిక్ ప్రాంతమైన చుకోత్కా జనాభా 1989లో 1,64,000 ఉండగా 2002 నాటికి 54,000కు పడిపోయింది.

పాత వ్యవస్థ పొదుపును మింగాక మిగిలినదాని కోసం కొత్త వ్యవస్థలో కాచుకున్నవాళ్లు వచ్చారు. సెర్గేయ్ మవ్రోది నడిపిన ‘ఎంఎంఎం’ గొలుసు పథకం టీవీ ప్రకటనలతో లక్షల మందిని ఆకర్షించి 1994 వేసవిలో కుప్పకూలింది. అదే ఏడాది మవ్రోది పార్లమెంటుకు ఎన్నికయ్యాడు కూడా. డబ్బు పోగొట్టుకున్నవాళ్లే, తిరిగొస్తుందన్న ఆశతో ఓట్లేశారన్నది అప్పటి పత్రికల వ్యాఖ్య.

వోచర్లు

1992 అక్టోబరు నుంచి ప్రతి పౌరుడికీ, పసిబిడ్డతో సహా, 10,000 రూబుళ్ల ముఖవిలువ గల ప్రైవేటీకరణ వోచరు ఇచ్చారు. తీసుకోవడానికి కట్టవలసింది 25 రూబుళ్లు. కార్యక్రమ సారథి అనతోలి చుబైస్ ఒక్కో వోచరు రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందన్నారు. ఆ మాట ఆయన్ను ఏళ్ల తరబడి వెంటాడింది. ద్రవ్యోల్బణంలో ముఖవిలువకు అర్థం లేకుండా పోయింది. చాలామంది వీధిలోనే అమ్మేశారు. కొందరు పెట్టుబడి నిధుల్లో వేస్తే వాటిలో ఎన్నో కనబడకుండా పోయాయి. 1994 మధ్యకు పథకం ముగిసింది. 1995లో అప్పుకు తాకట్టుగా ప్రభుత్వ వాటాలు ఇచ్చే పద్ధతిలో నోరిల్స్క్ నికెల్, యూకోస్ వంటి సంస్థలు కొద్దిమంది బ్యాంకర్ల చేతికి చేరాయి. కుటుంబాల వైపు నుంచి చూస్తే వోచరు ఒక నెల సరుకులకో, ఒక పూట విందుకో మారిన కాగితం. దాన్ని ప్రజలకు ఆస్తి పంచడమని పిలవడం అతిశయోక్తి.

ఇల్లు, తోట

నిజంగా పంపకం జరిగింది ఇళ్లలో. 1991 జులైలో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ ఫ్లాటులో ఉంటున్న కుటుంబం దాన్ని ఉచితంగా తన పేర రాయించుకోవచ్చు. మాస్కో నడిబొడ్డున రెండు గదులున్న ముసలావిడ కాగితం మీద ధనవంతురాలైంది, చేతిలో రొట్టెకు డబ్బు లేకపోయినా. గది అద్దెకివ్వడం, పెద్ద ఫ్లాటు అమ్మి చిన్నదానికి మారడం, పిల్లల పేర రాయడం వల్ల చాలా ఇళ్లు నిలిచాయి. అద్దె, వెచ్చదనం మీద రాయితీలు వెంటనే తీసేయకపోవడం కూడా కాపాడింది. అప్పటికి కేటాయింపు అందక హాస్టళ్లలో, ఉమ్మడి ఫ్లాట్లలో ఉన్న యువ కుటుంబాలకు మాత్రం ఈ పంపకంలో దక్కింది కొద్దే. వరసలో వాళ్ల వంతు వచ్చేలోగా వరసే లేకుండా పోయింది.

రెండో ఆధారం భూమి చెక్క. సోవియట్ కాలంలో సంస్థలు కార్మికులకు ఊరి బయట ఆరు ‘సోత్కా’లు, అంటే 600 చదరపు మీటర్లు, తోటకని ఇచ్చేవి. వారాంతపు విడిదిగా మొదలైన ఆ దాచా తోటలు 1990ల్లో తిండి పండించే మడులయ్యాయి. శని, ఆదివారాలు లోకల్ రైళ్లు పారలు, నారుమొక్కల పెట్టెలతో నిండిపోయేవి. దశాబ్దం చివరికి దేశంలో పండే బంగాళాదుంపల్లో సుమారు 90 శాతం ఇళ్లవాళ్లు సొంతంగా పండించినవే. తలసరి మాంసం వినియోగం 1990లో ఏడాదికి 75 కిలోలు ఉండగా 2000 నాటికి 45కు పడింది. పాలు, పాల పదార్థాలు దాదాపు 390 కిలోల నుంచి 215కు తగ్గాయి. బంగాళాదుంప, రొట్టె మాత్రం తగ్గలేదు. ఆకలిచావుల కరవు రాలేదు గానీ పళ్లెం బాగా మారింది.

ఇక్కడొక చిక్కు ఉంది. తోట పేదవాడికి రక్షణ అనుకోవడం తేలిక. తోట ఉండాలంటే చెక్క, బస్సు ఛార్జీ, విత్తనం, ఒళ్లొంచే మనిషి కావాలి. ఇవేవీ లేని ఒంటరి వృద్ధులకు, మద్యానికి బానిసైన ఇళ్లకు అదీ దక్కలేదు.

జీతం రాని ఉద్యోగం

తూర్పు యూరప్ దేశాల్లో సంస్కరణలు నిరుద్యోగాన్ని తెచ్చాయి. రష్యాలో ఫ్యాక్టరీలు మనుషుల్ని పెద్దగా తీసేయలేదు, జీతాలు ఆపేశాయి. అంతర్జాతీయ పద్ధతిలో లెక్కించిన నిరుద్యోగం నెమ్మదిగా పెరిగి 1998లో గానీ 13 శాతం దరిదాపులకు చేరలేదు. అదే సమయానికి సర్వేల్లో మూడింట రెండొంతుల మంది ఉద్యోగులకు జీతం బకాయి ఉంది, అదీ కొన్నిచోట్ల నెలల తరబడి. కొన్ని సంస్థలు తాము తయారుచేసిన సరుకునే జీతంగా ఇచ్చాయి. గూస్ ఖ్రుస్తాల్నీ పట్టణ గాజు కార్మికులు జీతం కింద వచ్చిన స్ఫటిక పాత్రలను హైవే పక్కన బల్లలు వేసి అమ్మారు. 1998లో అల్తాయ్‌లో ఉపాధ్యాయులకు వోద్కా సీసాలు ఇచ్చిన వార్త ప్రపంచమంతా తిరిగింది.

జీతం రాకపోయినా పని ఎందుకు మానలేదన్నది బయటివాళ్లకు వచ్చే ప్రశ్న. పేరు రిజిస్టరులో ఉంటే పింఛను సర్వీసు లెక్కలోకి వస్తుంది, కిండర్‌గార్టెన్ చోటు నిలుస్తుంది, ఫ్యాక్టరీ దవాఖానా ఉంటుంది. వర్క్‌షాపులో పనిముట్లు సొంత పనికి వాడుకోవచ్చు. ఒకే ఫ్యాక్టరీ మీద బతికే ఊళ్లలో మానేస్తే వెళ్లడానికి మరో చోటు లేదు. నగదు కోసం సాయంత్రాలు సొంత కారును టాక్సీగా నడిపేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, మరమ్మతులు చేసేవాళ్లు.

ఈ కాలపు అసలు కొత్త వృత్తి ‘చెల్నాక్’, అంటే సరిహద్దుల మధ్య అటూ ఇటూ తిరిగే చిల్లర వ్యాపారి. గళ్ల ప్లాస్టిక్ సంచులతో తుర్కియే, చైనా, పోలండ్ వెళ్లి తోలు కోట్లు, జాకెట్లు తెచ్చి బజార్లలో అమ్మేవారు. వీళ్లలో ఉపాధ్యాయినులు, మహిళా ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కొందరు దీనితోనే దుకాణాలు పెట్టుకున్నారు. ఎక్కువమంది నడుం నొప్పి, అప్పులు మిగుల్చుకున్నారు. రష్యా మధ్యతరగతి చరిత్రలో వీళ్లకు దక్కిన చోటు చాలా తక్కువ. ఆ ఏళ్లలో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది మాత్రం వీళ్ల సంపాదనతోనే.

1998 మేలో జీతాలు రాని బొగ్గు గని కార్మికులు సైబీరియా రైలు మార్గాలపై బైఠాయించారు. ఆ వేసవంతా మాస్కోలో ప్రభుత్వ భవనం దగ్గరి గోర్బాతీ వంతెన మీద హెల్మెట్లను రాళ్లకేసి కొడుతూ కూర్చున్నారు.

ఎవరు పేదలయ్యారు

1992లో జనాభాలో 33.5 శాతం జీవనాధార కనీస మొత్తానికి దిగువన ఉన్నారని అధికారిక లెక్క. ఆ కనీస మొత్తాన్నే ఆ ఏడాది సోవియట్ కాలపు కొలత కంటే బాగా కిందికి దించి నిర్ణయించారని గుర్తుంచుకోవాలి. ఆదాయ అసమానతను సూచించే గినీ సూచిక 1990ల మొదట్లో 0.26 దగ్గర ఉండగా 1994కు 0.4 దాటింది. పశ్చిమ యూరప్‌లో దశాబ్దాలు పట్టే మార్పు ఇక్కడ మూడేళ్లలో జరిగింది. ఫిలిప్ నొవొక్మెట్, తొమా పికెట్టీ, గాబ్రియేల్ జుక్మన్ 2017లో ప్రచురించిన అంచనాల్లో, జనాభాలో పైస్థాయి పదో వంతు వారికి దక్కే ఆదాయ వాటా 1990–91లో 25 శాతం లోపు ఉండగా 1996కు 45 శాతం దాటింది.

వీధిలో అమ్ముకునే ముసలమ్మ ఆ కాలానికి గుర్తుగా మిగిలింది. సర్వేలు చెప్పేది వేరు. పింఛను చిన్నదే అయినా, ఆలస్యమైనా, వచ్చేది. చాలా గ్రామీణ ఇళ్లలో కచ్చితంగా వచ్చే నగదు అదొక్కటే కావడంతో కొడుకులు, మనవలు దాని మీదే బతికారు. పేదరికం ఎక్కువగా ఉన్నది పిల్లలున్న కుటుంబాల్లో, అందులోనూ ముగ్గురు లేదా అంతకు మించి పిల్లలున్నవాటిలో, ఒంటరి తల్లుల ఇళ్లలో. ఫ్యాక్టరీలు కిండర్‌గార్టెన్లను వదిలించుకోవడం వీళ్ల మీదే పడింది. ఒక్కో మహిళకు సగటు జననాలు 1990లో 1.89 ఉండగా 1999లో 1.16కు దిగాయి. పేదరికం చాలామందికి శాశ్వతం కాలేదన్నది 1992లో మొదలై అవే ఇళ్లను మళ్లీ మళ్లీ పలకరించిన దీర్ఘకాలిక పరిశీలన సర్వే బయటపెట్టిన ముఖ్య విషయం. ఒక ఏడాది గీత కింద ఉన్నవాళ్లు మరుసటి ఏడాది పైకి వచ్చేవారు, మళ్లీ పడేవారు. భద్రత లేకపోవడం లేమి కంటే విస్తృతంగా పరచుకుంది.

ఆయుష్షు

మగవారి సగటు ఆయుర్దాయం 1990లో దాదాపు 64 ఏళ్లు. 1994లో 57.5కు చేరింది. ఎక్కువగా చనిపోయింది పసిపిల్లలో వృద్ధులో కాదు, పనిచేసే వయసు మగవాళ్లు: గుండె జబ్బులు, మద్యం, ప్రమాదాలు, హత్యలు, ఆత్మహత్యలు. కారణం మీద వివాదం తెగలేదు. 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మొదలుపెట్టిన మద్య నియంత్రణ కొన్ని మరణాలను వాయిదా మాత్రమే వేసిందని, అది సడలాక అవి పోగుపడ్డాయని ఒక వాదన. తిండితో పోలిస్తే వోద్కా చౌక కావడం మరో కారణం. డేవిడ్ స్టక్లర్, లారెన్స్ కింగ్, మార్టిన్ మెక్కీ 2009లో లాన్సెట్ పత్రికలో వేగవంతమైన మూకుమ్మడి ప్రైవేటీకరణకూ మరణాలకూ సంబంధం చూపారు. జాన్ ఎర్ల్, స్కాట్ గెల్‌బాక్ వంటివారు ఆ లెక్క నిలబడదన్నారు.

వైద్యం కాగితం మీద ఉచితంగానే ఉండిపోయింది, మందుల ఖర్చు ఇంటి మీద పడింది. దేశీయ ఉత్పత్తి కుంటుపడ్డ చోట దిగుమతి మందులు వచ్చాయి. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తయారుచేసే ఒమెజ్, నైజ్ పేర్లు రష్యా ఇళ్లలో ఈనాటికీ సుపరిచితం.

కొలతల తగాదా

నష్టం ఎంతన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. ఆర్థికవేత్త ఆండర్స్ ఆస్లుండ్ వంటివారి ప్రకారం సోవియట్ ఉత్పత్తిలో చాలాభాగం ఎవరికీ అక్కరలేని సరుకు, లెక్కలు ఉబ్బించినవి. కాబట్టి పతనం కాగితం మీద కనిపించినంత కాదు. వరసలో పోయిన గంటల విలువ పాత జీతాల లెక్కలోకి రాలేదు, కొత్త రాబడిలో పన్నుకు చూపనిది చాలా ఉంది. ఆ వాదనకు బలమిచ్చే అంకె ఒకటి: ప్రతి వెయ్యిమందికి సొంత కార్లు 1990లో 60 ఉండగా 2000కు 130 దాటాయి. కానీ ఆ కార్లు కొన్న ఇళ్లూ, మాంసం మానేసిన ఇళ్లూ ఒకటి కావు. సగటు తీసిన చోట ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బ్రాంకో మిలనోవిచ్ ప్రపంచ బ్యాంకుకు 1998లో చేసిన అధ్యయనంలో పద్దెనిమిది మాజీ సోషలిస్టు దేశాల్లో రోజుకు నాలుగు డాలర్ల గీత కింద ఉన్నవాళ్లు 1980ల చివరి 1.4 కోట్ల నుంచి 1990ల మధ్యకు 14.7 కోట్లయ్యారు. ధరల విడుదల సమయంలో పుట్టినవాళ్లు తమ ముందూ వెనుకా పుట్టినవారికంటే సగటున సుమారు ఒక సెంటీమీటరు పొట్టిగా ఉన్నారని యూరోపియన్ పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు 2016లో తేల్చింది. జీతాల లెక్కల్లో అబద్ధం చొప్పించవచ్చు, ఎముకల పొడవులో కుదరదు.

ఇరుగుపొరుగు

పోలండ్ 1990 జనవరి 1న లెషెక్ బాల్చెరోవిచ్ ప్రణాళికతో ఇంతకంటే వేగంగా దూకింది. ఆ ఏడాది ధరలు దాదాపు 585 శాతం పెరిగాయి, 1993కు నిరుద్యోగం 16 శాతం దాటింది. అయినా అక్కడ జీతాలు సమయానికి వచ్చాయి, పింఛన్లకు ప్రభుత్వం డబ్బు పెట్టింది, 1990ల మధ్యకే ఉత్పత్తి పాత స్థాయికి చేరింది. తూర్పు జర్మనీలో 1990 జులై 1న జీతాలను, పరిమిత పొదుపును ఒకటికి ఒకటిగా పశ్చిమ మార్కులకు మార్చారు. ఉద్యోగాలు పోయినా పాస్‌బుక్కు మిగిలింది. వేగమే రష్యాను ముంచిందనీ, వేగం చాలకే మునిగిందనీ ఇరుపక్షాలు ఈ పోలికను వాడుకుంటాయి. కుటుంబాల కోణం నుంచి చూస్తే తేడా వేగంలో కంటే, జీతం, పింఛను అనుకున్న రోజున ఇవ్వగల ప్రభుత్వం మిగిలిందా లేదా అన్నదాంట్లో ఉంది. రష్యాలో అది మిగల్లేదు.

1998 తరువాత

1998 ఆగస్టు 17న ప్రభుత్వం అప్పులు చెల్లించలేనని ప్రకటించింది. డాలరుకు ఆరు రూబుళ్ల దగ్గర ఉన్న మారకం ఏడాది చివరికి ఇరవై దాటింది. నగరాల్లో అప్పుడే నిలదొక్కుకుంటున్న కొత్త మధ్యతరగతి ప్రైవేటు బ్యాంకుల్లో పెట్టిన డబ్బు చిక్కుకుపోయింది. దిగుమతులు ఖరీదవడంతో దేశీయ ఫ్యాక్టరీలకు మాత్రం గిరాకీ వచ్చింది, 1999 నుంచి జీతాలు సమయానికి రావడం మొదలైంది. చమురు ధర కలిసొచ్చి, 2000లో 29 శాతం ఉన్న పేదరికం 2007–08 నాటికి 13 శాతం దగ్గరకు తగ్గింది. గినీ సూచిక మాత్రం 0.4 దరిదాపుల్లోనే ఉండిపోయింది. 2005 జనవరిలో ఉచిత బస్సు ప్రయాణం, మందుల వంటి రాయితీలకు బదులు నగదు ఇస్తామన్నప్పుడు పెన్షనర్లు రోడ్లను దిగ్బంధించారు. నగదు విలువ ఏమవుతుందో వాళ్లకు తెలుసు. సోవియట్ కాలపు పొదుపును పూర్తి కొనుగోలు విలువతో తిరిగివ్వాలని 1995లోనే చట్టం చేశారు. అత్యంత వృద్ధులతో మొదలుపెట్టి పాక్షిక పరిహారం చెల్లించారు గానీ, పూర్తి చెల్లింపును మాత్రం బడ్జెట్టు చట్టాల్లో పదేపదే వాయిదా వేస్తూ వచ్చారు.